మీటరులో పసుపు లైటు, మధ్యలో తోడల్లుడు

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరే కాదు, కారు కంపెనీ పేరు కూడా వేయొద్దన్నారు. ఉద్యోగం విజయవాడలో. వారానికి నాలుగు రోజులు కారులోనే వెళ్లొస్తారు. 2025 ఉగాదికి తన తోడల్లుడి దగ్గర 2013 మోడల్ డీజిల్ కారు 2 లక్షల 40 వేలకు కొన్నారు. టాప్ మోడల్, లక్షా 12 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. "బయటివాళ్లకయితే ఇంకో ముప్ఫై వేలు ఎక్కువ చెప్పేవాణ్ణి. లెఫ్ట్ యాక్సిల్ కూడా ఈమధ్యే కొత్తది వేయించా" అని తోడల్లుడు అన్నారట. యాక్సిల్ అంటే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ.

మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత మీటరులో పసుపు రంగు ఏబీఎస్ లైటు మొదలైంది (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఏబీఎస్). ఆయన రాసింది రాసినట్టే ఇస్తాను: "తాళం తిప్పగానే వెలిగి ఆరిపోతుంది. లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపుతుంటే పెడల్ కాలి కింద గరగరమని వణుకుతుంది. ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల అంతే. కాజ టోల్ గేటు వచ్చేలోపు లైటు వెలుగుతుంది. వెలిగాక ఆ వణుకు ఉండదు, బ్రేకు మామూలుగానే పడుతుంది. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కథ మొదటికొస్తుంది."

ఇంటి దగ్గరి మెకానిక్ స్కానర్ పెట్టి, ముందు ఎడమ చక్రం సెన్సారు చూపిస్తోందని 2,600 తీసుకుని మార్చారు. నాలుగు రోజులు లైటు రాలేదు, ఐదో రోజు వచ్చింది. ఆటోనగర్‌లో ఇంకొకరు "ఏబీఎస్ యూనిట్టే పోయింది, పాతది చూసి వేస్తే 38 వేలు" అన్నారు. మూడో ఆయన ఏ పరీక్షా చేయకుండానే "ఫ్యూజు పీకేసి, మీటరులో లైటు రాకుండా సర్దేస్తా. మా రోజుల్లో ఏ బండికుంది ఏబీఎస్?" అన్నారు. ఆటోనగర్ నుంచి తిరిగొస్తుంటే బెంజి సర్కిల్ సిగ్నల్‌లో పెడల్ మళ్లీ వణికి, కారు జానెడు ముందుకు జారి ఆటోను తాకింది. ఆటోకు ఏమీ కాలేదు కానీ 500 ఇచ్చి, నలుగురిలో మాట పడి వచ్చారు.

అసలు టెన్షన్ ఇంట్లో మొదలైంది. తోడల్లుడి ఇల్లు విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు కారు గన్నవరంలో బంధువుల ఇంట్లో ఉందని ఆయన మొదట్నుంచీ చెబుతున్నారు. ఆటోనగర్ మెకానిక్ మాత్రం సీటు కింద తుప్పు చూసి "ఇది వరద బండేనండీ" అనేశారు. ఆ మాట ఇంటికొచ్చింది. పాఠకుడి భార్య "మా అక్కనీ బావనీ ఒక్క మాట అనొద్దు" అంటున్నారు, అదే నోటితో "నేనూ పిల్లలూ ఆ కారు ఎక్కం" అంటున్నారు. యూనిట్ మార్చాలా, లైటు తీయించాలా, కారు అమ్మేయాలా, తోడల్లుణ్ణి నిలదీయాలా? ఇదీ ప్రశ్న.

అయ్యా,

మీ ఆరు పేజీల్లో నేను పెన్సిలుతో గీత గీసుకున్న వాక్యం ఒకటుంది: "వెలిగాక ఆ వణుకు ఉండదు." మీరు దాన్ని మామూలుగా రాసి దాటేశారు. ముగ్గురు మెకానిక్కుల్లో ఎవరికీ చెప్పినట్టు లేదు. సగం సమాధానం అందులోనే ఉంది.

నాలుగు చక్రాల దగ్గరా పళ్లున్న రింగు ఒకటి చక్రంతో పాటు తిరుగుతుంది. దానికి మిల్లీమీటరు అటూఇటూ దూరంలో సెన్సారు కూర్చుని ఉంటుంది. ఒక్కో పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా అది చిన్న కరెంటు అల పంపుతుంది. బానెట్ కింద ఉండే యూనిట్ ఆ అలల్ని లెక్కపెడుతూ ఏ చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో చూసుకుంటుంది. మీరు గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు మూడు చక్రాలు తిరుగుతూ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోతే అది జారుతోందని లెక్క. ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి వదిలి, మళ్లీ ఇచ్చి, మళ్లీ వదులుతుంది. సెకను లోపలే ఇది చాలాసార్లు జరుగుతుంది. కాలికి తగిలే గరగర అదే.

ఇప్పుడు మీ బండి సంగతి. పొడి రోడ్డు మీద, పది కిలోమీటర్ల వేగంలో, మెత్తగా ఆపుతుంటే ఏ చక్రమూ జారదు. అయినా పెడల్ వణుకుతోందంటే ఏదో ఒక చక్రం "నేను ఆగిపోయాను" అని యూనిట్‌కు అబద్ధం చెబుతోంది. యూనిట్ అది నమ్మి ఆ చక్రానికి బ్రేకు వదులుతోంది. బెంజి సర్కిల్‌లో మీ కారు జానెడు జారింది అందుకే. కాసేపటికి నాలుగు లెక్కలకూ బొత్తిగా పొంతన కుదరక, ఇక నా వల్ల కాదని యూనిట్ పక్కకు తప్పుకుని లైటు వెలిగిస్తుంది. అది తప్పుకున్నాక మీకు మిగిలేది పాతకాలపు మామూలు బ్రేకు. అందుకే వణుకు లేదు.

అంటే మీ యూనిట్‌లో వాల్వులు కదులుతున్నాయి, పంపు తిరుగుతోంది, తప్పుడు లెక్కను పసిగట్టే తెలివి కూడా ఉంది. దాన్ని పోయిందని మార్చడమంటే దొంగ సాక్ష్యం చెప్పినవాణ్ణి వదిలేసి జడ్జిని బదిలీ చేసినట్టు. చూడకుండా నూటికి నూరు పాళ్లూ చెప్పడం నాకూ చేతకాదు. కానీ యూనిట్‌ను మీరు చివర అనుమానించాలి. ఆటోనగర్ ఆయన దాంతోనే మొదలుపెట్టారు. పంపు మోటారుదో, వాల్వు రిలేదో కోడ్ (స్కానర్ చూపించే లోపం నంబరు) వచ్చిందా అని ఆయన్ని అడిగి చూడండి. అది రాకుండా 38 వేల మాట ఎత్తకూడదు.

మరి సెన్సారు మార్చినా ఎందుకు పోలేదు? స్కానర్ చూపించింది ముందు ఎడమ చక్రం నుంచి సరైన లెక్క రావడం లేదని. అంతవరకే దానికి తెలుసు. ఆ దారిలో రింగు ఉంది, రింగుకూ సెన్సారుకూ మధ్య సందు ఉంది, సెన్సారు ఉంది, దాన్ని వైరుతో కలిపే కప్లర్ ఉంది, స్ట్రట్ (ముందు చక్రం షాకబ్జార్బరు) పక్కగా పైకెళ్లే వైరు ఉంది. బేరింగు అరిగి, చక్రం బిగించే హబ్ ఊగుతున్నా ఇదే కోడ్ వస్తుంది. వీటిలో తేలిగ్గా విప్పదీసి మార్చగలిగేది సెన్సారే కాబట్టి ముందు దాని మీదే పడతారు. నాలుగు రోజులు లైటు రాకపోవడం కూడా వింతేమీ కాదు. మార్చేటప్పుడు కోడ్ చెరిపేసి ఉంటారు. పాత సెన్సారు కూర్చునే చోట తుప్పు గీకి ఉంటారు, కొత్తది పిసరు దగ్గరగా కూర్చుని ఉంటుంది. అసలు లోపం అలాగే ఉంది కాబట్టి మళ్లీ బయటపడింది.

నా అనుమానం మీ తోడల్లుడు గొప్పగా చెప్పుకున్న ఆ "కొత్త లెఫ్ట్ యాక్సిల్" మీద. లైటు చూపిస్తున్నదీ ముందు ఎడమే కదా. ఆ కాలపు కార్లు చాలావాటిలో ముందు చక్రాల ఏబీఎస్ రింగు యాక్సిల్ బయటి జాయింటు మీద బిగించి ఉంటుంది. బజారులో దొరికే చవక జాయింట్లు కొన్ని రింగు లేకుండానే వస్తాయి, ఎందుకంటే అదే కారు కింది మోడళ్లలో ఏబీఎస్ లేదు. అప్పుడు మెకానిక్ పాత జాయింటు నుంచి రింగు ఊడదీసి కొత్తదానికి కొడతాడు. సుత్తితో కొట్టి దించిన రింగు అక్కడికక్కడే చిట్లొచ్చు. చిట్లకపోయినా దాని అడుగున తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, కొన్ని నెలలకు రింగును పగలదీస్తుంది. మా షెడ్డులో నేను ఇలాంటివి చేతులారా విప్పాను. మొదటిసారి నేనూ సెన్సారు మార్చి తిప్పలు పడ్డవాణ్ణే. ఆ కస్టమరు మూడోసారి వచ్చినప్పుడు గానీ రింగు వైపు చూడలేదు.

చిట్లిన చోట రెండు పళ్ల మధ్య ఎడం కొంచెం పెరుగుతుంది. ఆ ఎడం సెన్సారు ముందుకొచ్చిన ప్రతిసారీ ఒక అల ఆలస్యంగా వస్తుంది. వేగంగా పోయేటప్పుడు ఆ తేడాను యూనిట్ పెద్దగా పట్టించుకోదు. ఆగబోయే ముందు, అసలే అలలు తక్కువగా, బలహీనంగా వచ్చే సమయంలో అదే తేడా చక్రం ఆగినట్టు కనిపిస్తుంది. మీ వణుకు ఎప్పుడూ సిగ్నళ్ల దగ్గరే ఎందుకు వస్తోందో, హైవే మీద ఎందుకు రాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

దీన్ని తేల్చే పద్ధతి చెప్తాను. మీరు చేయక్కర్లేదు, పక్కన నిలబడి చేయించండి.

ఏబీఎస్ చదవగలిగే స్కానర్ ఉన్న చోటికి వెళ్లండి. చేతిలో పట్టేంత చవక రకం చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతుంది, బ్రేకులవి దానికి కనపడవు. కోడ్ చదివి ఊరుకోవద్దనండి. నాలుగు చక్రాల వేగాలు ఒకే తెరమీద కనిపించేలా పెట్టి, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు తెర చూడాలి. ముప్ఫై వేగం నుంచి మెత్తగా ఆపుతూ రండి. మూడు చక్రాలు 12, 11, 10 అని దిగుతుంటే నాలుగోది ఉన్నట్టుండి సున్నాకు పడి మళ్లీ లేస్తే దొంగ దొరికినట్టే. అది ముందు ఎడమ కాకుండా ఇంకొకటి కూడా కావచ్చు, అలా అయితే నేను పైన రాసిందంతా ఆ చక్రానికి వర్తిస్తుంది. దీనికి ట్రాఫిక్‌లో ట్రయల్ వేయొద్దు. పొద్దున్నే అమరావతి వైపు పోతే ఖాళీ రోడ్లు ఉంటాయి.

తర్వాత ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, చక్రం తీయించండి. టార్చి వేసి రింగు మీద పెట్టి, ఇంకొకరిచేత హబ్‌ను చేత్తో మెల్లగా తిప్పించండి. తొందరపడకూడదు. రింగు మొత్తం తుప్పురంగులో ఉంటుంది, చిట్లు కంటికి వెంటనే ఆనదు. వేలిగోరు పళ్ల మీద ఆనించి ఉంచితే ఒకచోట గోరు పట్టుకుంటుంది. అక్కడ గుడ్డతో తుడిస్తే వెంట్రుకంత గీత అడ్డంగా కనిపిస్తుంది. కొన్నిసార్లు అదే చోట రింగు పైకి ఉబ్బి సెన్సారు ముక్కును రాసిన మెరుపుగీత కూడా ఉంటుంది. గీత లేకపోతే పళ్లు లెక్కపెట్టించండి, కుడివైపుతో సరిపోవాలి. వేరే మోడల్ జాయింటు వేసి పళ్ల సంఖ్య మారిన బండ్లు కూడా ఉంటాయి, కాకపోతే వాటిలో లైటు కాస్త వేగం అందుకోగానే రోజూ వస్తుంది. మీ లక్షణం అది కాదు.

రింగు బాగుంటేనే వైరు వైపు వెళ్లాలి. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పినప్పుడల్లా వంగేది స్ట్రట్ దగ్గరి వైరే, పైన తొడుగు బాగున్నా లోపల తీగ తెగి ఉంటుంది. కప్లర్ విప్పి పిన్నులు పచ్చగా చిలుము పట్టాయేమో చూడాలి. రెండు తీగల పాతరకం సెన్సారు అయితే మల్టీమీటరుతో ఎడమదీ కుడిదీ ఓములు పోల్చవచ్చు, చక్రం తిప్పుతూ ఏసీ వోల్టులు చూడవచ్చు. కొత్తరకం సెన్సార్లలో లోపల చిన్న చిప్ ఉంటుంది, వాటికి ఓముల పరీక్ష పెట్టకూడదు, చెడిపోతాయి. మీ బండిలో ఏ రకమో ఎలక్ట్రీషియన్‌కు తెలియాలి. తెలియకుండానే మీటరు పెట్టబోతే ఆపేయండి. కొన్ని కార్లలో పళ్ల రింగే ఉండదు, బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అలాంటి బేరింగు తిరగేసి కొడితే సెన్సారుకు ఏమీ కనపడదు. మీది అదైతే చక్రం తీయగానే తెలిసిపోతుంది.

ఇవన్నీ చూసే ముందు బ్యాటరీ వోల్టేజి ఒకసారి చూడమనండి, ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. కరెంటు తగ్గినా ఏబీఎస్ లైటు వస్తుంది. టైర్లు నాలుగూ ఒకే సైజువా, గాలి సమంగా ఉందా అన్నది కూడా ఆ రెండు నిమిషాల్లోనే తేలుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. రింగే అని తేలితే రింగు విడిగా దొరుకుతుంది, లేదా రింగుతో సహా వచ్చే జాయింటు సెట్టు వేయించవచ్చు. విడి రింగు చవక. కానీ జాయింటు మీద తుప్పు పూర్తిగా గీకి, సమంగా వేడిచేసి కూర్చోబెట్టే ఓపిక ఉన్న చేయి కావాలి, లేకపోతే ఏడాదికి మళ్లీ ఇదే పాట. జాయింటు సెట్టుకు కొన్ని వేలు ఎక్కువవుతుంది, తలనొప్పి తక్కువ. లక్షా 12 వేలు తిరిగిన బండికి, ఇంకా నాలుగైదేళ్లు వాడే ఉద్దేశం ఉంటే నేనైతే సెట్టు వేయిస్తాను. రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటే రింగు చాలు.

నిజంగా యూనిట్టే పోయిందని కోడ్లతో సహా తేలిందనుకోండి, అప్పుడు ఆటోనగర్‌లో పాతది వెతకడం తప్పేమీ కాదు. కాకపోతే అదే మోడల్, అదే ఏడాది, మీద నంబరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. కొన్నింటిని కారు కంప్యూటర్‌తో జత కలపాలి, దాన్నే కోడింగు అంటారు. బిగించాక లోపల గాలి పోవడానికి స్కానర్‌తో పంపు తిప్పుతూ బ్లీడింగ్ చేయాలి. పెడల్ కొట్టి ఆయిల్ వదిలి "అయిపోయింది సార్" అంటే సరిపోదు. ఈ మూడూ చేస్తానని ముందే ఒప్పుకున్నవాళ్లకే ఇవ్వండి.

ఏమీ చేయించకుండా లైటు వెలగనిస్తూ నడపడం కూడా ఒక దారే, చాలామంది నడుపుతున్నారు. మీ మూడో మెకానిక్ మాట పూర్తిగా తప్పని అనలేను. బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను మెర్సిడెస్ కార్లలో తెచ్చింది 1978లో. మన దేశంలో కొత్తగా వచ్చే మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి గానీ తప్పనిసరి కాలేదు. అంతవరకూ మనమంతా అది లేకుండానే తిరిగాం. కానీ 2013లో మీ తోడల్లుడు అదనంగా డబ్బు పెట్టి టాప్ మోడల్ కొన్నది కొంత దీనికోసమే. తొలకరి వాన పడి, హైవే మీద ముందు లారీ ఉన్నట్టుండి ఆగినప్పుడు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. ఏబీఎస్ ఉంటే బ్రేకు తొక్కుతూనే పక్కకు తిప్పగలరు. వారానికి నాలుగు రోజులు ఆ రోడ్డు మీద ఉండేవారికి ఆ తేడా చిన్నది కాదు.

మూడో ఆయన చెప్పినదాంట్లో నేను ఒప్పుకోలేనిది మీటరులో లైటు తీసేయడం. ఫ్యూజు పీకితే మొత్తం యూనిట్ పడుకుంటుంది, దాంతోపాటు వెనక చక్రాలకు బ్రేకు ఎంత ఇవ్వాలో చూసే ఈబీడీ కూడా పోతుంది. చాలా బండ్లలో అప్పుడు పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంది. బ్రేకు ఆయిల్ తగ్గిందని చెప్పేదీ ఆ ఎర్ర లైటే. దాన్నీ సర్దేస్తే రేపు ఆయిల్ కారిపోయినా మీకు తెలియదు. పైగా ఎప్పుడో అమ్మేటప్పుడు ఆ ఆరిపోయిన లైటును కొనేవాళ్లకు చూపించి "ఏ ప్రాబ్లమూ లేదండీ" అనాల్సివస్తుంది. మీ మీద ఇప్పుడు ఎవరో అదే చేశారేమోనని మీరు నిద్రపోవడం లేదు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. రిపేరు అయ్యేదాకా మీ బండికి లైటు వెలగని సమయమే ప్రమాదం, వెలిగిన సమయం కాదు. స్టార్ట్ చేశాక మొదటి కొన్ని కిలోమీటర్లు, సిగ్నళ్ల దగ్గర, బ్రేకు వదిలేసేది అప్పుడే. స్కానింగుకు వారం పట్టేలా ఉంటే, ఆ ముందు ఎడమ సెన్సారు కప్లర్ ఒక్కటే తీయించి, నీళ్లు పడకుండా టేపు చుట్టి కట్టేయమనండి. అప్పుడు మొదటి నుంచే పసుపు లైటు వెలుగుతుంది, ఏబీఎస్ పనిచేయదు, దొంగ వణుకు కూడా రాదు. ఒక్క సెన్సారే లేనప్పుడు చాలా కార్లలో ఈబీడీ పనిచేస్తూనే ఉంటుంది. కప్లర్ తీశాక ఎర్ర లైటు కూడా వెలిగితే మాత్రం మీ బండిలో అలా లేదని అర్థం, తిరిగి పెట్టేయించి కారు ఇంట్లో ఉంచండి, ఆ వారం బస్సే నయం. వణుకు ఆగింది కాబట్టి ఆ చక్రమే దోషి అని మాత్రం అనుకోవద్దు. ఏ చక్రం కప్లర్ తీసినా ఏబీఎస్ ఆగుతుంది, వణుకూ ఆగుతుంది. ఇది తాత్కాలికంగా నడుపుకోవడానికే. ముందున్న బండికి దూరం ఎక్కువ ఉంచండి, చక్రాలు కీచుమంటే పెడల్ పిసరు వదిలి మళ్లీ తొక్కండి.

ఇక సింగ్‌నగర్ సంగతి.

ఏబీఎస్ లైటు చూసి వరద బండి అని ఎవరూ చెప్పలేరు. చిట్లిన రింగు చూసి కూడా చెప్పలేరు. సీటు పట్టాల తుప్పు కూడా చాలదు: ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీళ్లు ఎడమవైపు కార్పెట్ కిందికి చేరి, ఏళ్ల తరబడి అక్కడే నాని, సరిగ్గా అలాంటి తుప్పే పట్టిస్తాయి. పన్నెండేళ్ల బండి, మన ఉక్క. ఆటోనగర్ ఆయన తొందరపడి ఉండొచ్చు, నిజమే చెప్పి ఉండొచ్చు కూడా.

తేల్చుకోవాలంటే ఒక ఆదివారం మీరే చూడండి. నాలుగు సీటు బెల్టులూ పూర్తిగా, ఇక రానంతవరకు లాగండి. మామూలుగా ఎవరూ అంత లాగరు కాబట్టి అమ్మేముందు కడిగేవాళ్లు కూడా ఆ చివరి మూరెడు వదిలేస్తారు. నీళ్లు ఎక్కిన బండిలో అక్కడ బురద చార అడ్డంగా గీత గీసినట్టు ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన వాసన వస్తుంది. తర్వాత స్టెప్నీ తీసి ఆ గుంటలో మూలలు చూడండి, కార్పెట్ లేపి కింద వైరింగు కప్లర్లు చూడండి. పాత ఇన్సూరెన్సు కాగితం ఉంటే అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం చూడండి. వరద తర్వాత రెన్యువల్ చేసిన పాలసీలో బోనస్ నిలబడి ఉంటే ఆ వరదకు చాలావరకు క్లెయిమ్ చేయలేదనే అనుకోవచ్చు. సున్నా ఉంటే ఏదో క్లెయిమ్ జరిగి ఉండొచ్చు, అది సొట్ట బాగు చేయించుకోవడానికి కూడా కావచ్చు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే దీంతో ఏమీ తేలదు.

ఇదంతా తోడల్లుడితో గొడవకు సాక్ష్యాల కోసం కాదు. ఎయిర్‌బ్యాగుల కంప్యూటర్ చాలా కార్లలో గేరు రాడ్డు దగ్గర, నేల మట్టానికి ఉంటుంది. లోపలికి నీళ్లొస్తే ముందు మునిగే వాటిలో అదొకటి. బెల్టులో బురద చార కనబడితే ఏబీఎస్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూపించండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే అక్కడ కూడా ఎవరో "సర్దేశారు" అనుకోవచ్చు.

మీ ఆవిడ రెండు నాలుకల మాట మాట్లాడుతున్నారని కోపంగా రాశారు. నాకలా అనిపించలేదు. "మా అక్కను అనొద్దు", "కారు ఎక్కను" అనేవి ఒకే భయంలోంచి వచ్చాయి. మీకంటే ముందే ఆవిడకు అనుమానం వచ్చింది, అది నిజమైతే పుట్టింటివైపు తలెత్తుకోలేరు. బెల్టులు లాగే ఆదివారం ఆవిడను కూడా పక్కన నిలబడమనండి. మీరొక్కరే చూసి వచ్చి చెబితే అది మీ తీర్పు అవుతుంది. ఇద్దరూ చూస్తే, మంచైనా చెడైనా, ఇద్దరికీ తెలిసిన సంగతి అవుతుంది.

తోడల్లుడితో మొదట యాక్సిల్ గురించే మాట్లాడండి. "అన్నయ్యా, ఆ లెఫ్ట్ యాక్సిల్ ఎక్కడ వేయించారు? ఆ మెకానిక్ ఫోన్ నంబరు ఉందా, చిన్న పనుంది" అంటే ఆయన సంతోషంగా ఇస్తారు. ఆ మెకానిక్ పాత రింగు కొట్టిన సంగతి ఆయనకు తెలిసి ఉండే అవకాశం చాలా తక్కువ. డబ్బు పెట్టి మంచే చేయించాననుకుంటున్నారు. రింగుతో కథ ముగిసి, బెల్టులు శుభ్రంగా ఉంటే ఆయనతో ఇంకేం మాట్లాడాల్సిన పని లేదు, ఖర్చు మీరే పెట్టుకోండి. పన్నెండేళ్ల బండి కొన్నవాళ్లకు ఆ మాత్రం ఖర్చు ఎక్కడ కొన్నా వస్తుంది.

బురద చార కనబడితే మాత్రం మీరు మింగేసుకోవాలని నేను చెప్పను. అప్పుడు ఆయన్ని ఒక్కర్నే, ఆడవాళ్లు లేని చోట, కారు దగ్గరే కలవండి. బెల్టు లాగి చూపించండి. కారు వెనక్కు ఇచ్చేయడం, రిపేర్లలో సగం ఆయన భరించడం, ఇవి రెండూ అడగదగ్గవే. వెనక్కు ఇస్తే డబ్బు విడతలుగా వస్తుందని అనుకుని సిద్ధపడండి. సగం ఖర్చంటే ముందుగా స్కానింగు రిపోర్టు, ఏమేం మార్చాలో అంచనా కాగితం మీద ఉండాలి, లేకపోతే ప్రతి పండక్కీ అదే లెక్క మళ్లీ తెగుతుంది. ఏదీ అడగకుండా ఊరుకుంటే బంధుత్వం పైకి బాగానే ఉంటుంది, కానీ మీరు రాసిన తీరు చూస్తే మీరు ఊరుకోగల మనిషి అనిపించలేదు. ఆయన ఏది ఒప్పుకున్నా, బయటివాళ్లకు కారు అమ్మేసే ఆలోచన వస్తే ఈ చరిత్ర చెప్పి, ఆ మేరకు తగ్గించి అమ్మండి.

స్కానింగుకు వెళ్లే రోజుకు ముందే కప్లర్ తీసి ఉంటే తిరిగి పెట్టించండి, లేకపోతే తెర మీద ఆ చక్రం మొదటి నుంచీ సున్నాయే చూపిస్తుంది. బ్యాటరీ టెర్మినల్ తీసి లైటు ఆర్పుతానని ఎవరైనా అంటే వద్దనండి, కోడ్లు ఎవరూ చెరపకూడదు. షెడ్డు దగ్గరికి వెళ్లాక ఇంజన్ ఒకసారి ఆపి, లైటు ఆరాకే ట్రయల్ మొదలుపెట్టండి. మీ బండి అబద్ధం చెప్పేది ఆ మొదటి కొన్ని కిలోమీటర్లలోనే కదా. జాయింటు మార్పిస్తే పాత రింగు అడిగి తెచ్చుకోండి. ఎలాగూ చక్రాలు విప్పుతున్నారు కాబట్టి బ్రేకు ఆయిల్ కూడా మార్పించండి, అది గాలిలోని తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాలి. మూత మీద ఏ రకం రాసి ఉందో అదే పోయించండి.